మూడో నంబరుకి మూడింది

"రేపు పదకొండింటికి శిక్ష. తప్పకుండా రావాలి, సబ్బూ!"

ఫోనులో మా ప్రెసిడెంటుగారి మాట నాకు అచ్చంగా అలాగే వినిపించింది. ఆయన వైపు ఎవరి పన్నునో తొలుస్తున్న మిషను గుయ్యిమంటోంది. నా వైపు పదిహేను జతల మేజోళ్లను తిప్పుతున్న వాషింగ్ మెషీను దడదడలాడుతోంది. రెండు మిషన్ల మధ్య పడ్డ మాట నలగకుండా ఎలా వస్తుందని ఎవరికైనా తోచాలి. నాకు తోచలేదు. తప్పు చేసినవాడి చెవి వేరు. అది ఆ మాట కోసం మూడు వారాలుగా తలుపు తీసుకుని కూర్చుంది.

"ఎవరికండీ?" అన్నాను.

"అందరికీ! పర్యటనకి వెళ్లొచ్చిన వాళ్లందరికీ. ముందు మీ బీరువాతో మొదలు. ఊఁ, నోరు బాగా తెరవండి!"

ఆ చివరి ముక్క కుర్చీలో ఉన్న పేషెంటుతో అన్నారట. నాకేం తెలుసు? నేను అప్పటికే తెరిచి ఉన్నాను.

నా ఉద్యోగం మా దేశపు రగ్బీ జట్టుకి బట్టలు ఉతకడం. కాగితాల మీద 'సామగ్రి పర్యవేక్షకుడు' అని ఉంటుంది. జట్టులో మాత్రం అందరికీ 'సబ్బు'నే. ఇరవై రెండేళ్లుగా మా పని పంపకం ఒకటే: బట్టల్ని నేను ఉతుకుతాను, జట్టుని ఎదుటివాళ్లు ఉతుకుతారు. ఆరెయ్యడం ఇద్దరికీ ఉంది. తేడా ఎక్కడంటే, నేను ఉతికితే బట్టలు తెల్లబడతాయి, వాళ్లు ఉతికితే మావాళ్ల మొహాలు తెల్లబోతాయి.

ఈసారి పరాయి దేశంలో ఐదు మ్యాచ్‌లు ఆడాం. నాలుగు ఓడిపోయాం, ఒకటి సమం చేశాం. మా చరిత్రలో ఇంతకన్నా ఘనమైన పర్యటన లేదు. అయినా మా కోచ్ విమానం దిగీ దిగగానే రాజీనామా ఉత్తరం నా చేతిలో పెట్టి, నా సామాను బండి మీంచి తన పెట్టె లాక్కుని, ఎటో వెళ్లిపోయాడు. ఫోను ఎత్తడు. కొత్త కోచ్ వచ్చేలోగా ఎవరిని ఉంచాలో ఎవరిని తీసెయ్యాలో తేల్చే భారం ప్రెసిడెంటుగారి మీద పడింది.

ఇదంతా తెలిసి కూడా నాకు 'శిక్ష' అనే వినిపించిందంటే, నా దగ్గర ఉన్న మూట అలాంటిది. విప్పుతాను.

రగ్బీలో నంబరంటే మనిషి పేరు కాదు, మనిషి చోటు. మూడో నంబరు వేసుకున్నవాడు స్క్రమ్ములో ముందు వరసలో ఉండాలి. ఇటు ఎనిమిదిమంది, అటు ఎనిమిదిమంది, తలలు దూర్చి భుజాలు ఆనించి, బంతి కోసం ఒకరినొకరు తోసుకోవడమే స్క్రమ్. పేరు స్క్రమ్, పని శ్రమ. పదమూడో నంబరువాడు ఆ తోపులాటకి దూరంగా నిలబడి, బంతి వస్తే పట్టుకుని పరుగెత్తాలి. రాకపోతే నిలబడాలి.

మా మూడో నంబరు స్వయానా మా బావమరిది. నూట ఇరవై ఆరు కిలోలు. గుమ్మంలోంచి రావాలంటే పక్కకి తిరుగుతాడు. అందుకే 'బీరువా'. బుద్ధి కూడా బీరువాదే. ఒక మాట లోపల పెట్టి తాళం వేశాడంటే తలకిందులుగా వేలాడదీసినా బయటికి రాదు. పదమూడో నంబరువాడు 'దువ్వెన'. అరవై ఎనిమిది కిలోలు, అందులో రెండు కిలోలు జుట్టు. మేజోడులో దువ్వెన దోపుకుని మైదానంలోకి దిగుతాడు. జట్టు ఏమైపోయినా ఫరవాలేదు, జుట్టు బాగుండాలి. పరుగెత్తుతుంటే గాలికి రెపరెపలాడాలని తన జెర్సీని డేరా అంత వదులుగా కుట్టించుకున్నాడు.

రెండో మ్యాచ్ వానలో జరిగింది. అయ్యాక చూస్తే అన్నిటికన్నా మురికి జెర్సీ బీరువాదే. ఎప్పుడూ అంతే. అందుకని దాన్నొక్కదాన్నీ విడిగా వేశాను. మేం దిగిన చోట మెషీను మీద రాతలు నాకు రాని భాష. బొమ్మలు మాత్రం ఉన్నాయి. సూర్యుడి బొమ్మ కనబడితే, ఆహా, ఎండలో ఆరేసినట్టు ఆరబెడుతుంది కాబోలని మీట అటు తిప్పాను. అది ఎండ కాదు, మంట. గంటన్నర తర్వాత తలుపు తీస్తే లోపల ఒక చిన్న ముద్ద. విప్పి చూస్తే బీరువాకి కుట్టిన జెర్సీ సొరుగుకి సరిపోయేట్టు తయారైంది. అది ముడుచుకుపోయింది. దాన్ని చూసి నేనూ ముడుచుకుపోయాను.

"బావా, ఇది మెడ దగ్గరే ఆగిపోతోంది" అన్నాడు బీరువా.

మర్నాడే మూడో మ్యాచ్. అప్పుడు గుర్తొచ్చింది దువ్వెన డేరా. వేసి చూస్తే బీరువాకి కొలిచి కుట్టినట్టుంది. ముడుచుకున్నది దువ్వెనకి తొడిగాం. అతను అద్దంలో అటూ ఇటూ తిరిగి, "కండలు తెలుస్తున్నాయి. ఇది నేనే ఉంచుకుంటా" అన్నాడు. కోచ్‌ని అడిగితే "ఏదో ఒకటి తగలెయ్" అన్నాడు. రిఫరీ నవ్వి, ఫలానా ఇద్దరూ జెర్సీలు మార్చుకున్నారని చీటీ రాసి సంతకం పెట్టాడు. అలా మిగతా మూడు మ్యాచ్‌లూ పదమూడు తగిలించుకుని మా బావమరిది స్క్రమ్ములు తోశాడు, మూడు తగిలించుకుని దువ్వెన దూరంగా నిలబడ్డాడు. ఆ చీటీ నా ప్యాంటు జేబులో భద్రంగా దాచాను. ఆ ప్యాంటు కూడా ఉతికాను.

పోయినేడాది నా చేతిలో ముప్పై తెల్ల నిక్కర్లు గులాబీరంగులోకి దిగాయి. అప్పుడే ప్రెసిడెంటుగారు చెప్పారు: "ఇంకొక్క గుడ్డ పాడైందా, సబ్బు కరిగిపోయినట్టే." అందుకే తిరుగు ప్రయాణంలో బీరువాని బతిమాలాను. "అక్కడ ఎవరికీ చెప్పకురా."

"చెప్పను బావా."

తాళం పడింది.

ఇక ఫోను పెట్టేసరికి మా ఆవిడ గుమ్మంలో ఉంది. ఆవిడ సిటీ బస్సు కండక్టరు. ఇంట్లో మాట్లాడినా ఆఖరి సీటుకి వినబడుతుంది.

"ఏవండీ, ఆ మొహమేంటి రంగు దిగిపోయినట్టుంది?"

"రేపు శిక్షట."

"ఎవరికి?"

"నాకూ మీ తమ్ముడికీ."

"మా తమ్ముడేం చేశాడు?"

"నాలాంటి బావని సంపాదించాడు."

"సగంలో దిగిపోకండి, పూర్తిగా చెప్పండి!"

చెప్పలేదు. ఆవిడ రెండు క్షణాలు చూసి, "రేపు నాది మధ్యాహ్నం డ్యూటీ. నేనూ వస్తా. మా తమ్ముణ్ణి ఎవరేమన్నా అక్కడే టిక్కెట్టు కొడతా" అంది.

ఆ సాయంత్రం ఇస్త్రీ చేస్తూనే ఒక క్షమాపణ ప్రసంగం తయారుచేసుకున్నాను. అదీ చక్కగా వచ్చింది, మడత లేకుండా. రెండు జెర్సీలూ సంచీలో పెట్టుకున్నాను. దొరికిపోయిన దొంగ సొమ్ము చేతిలో పట్టుకుని వెళితే కాస్త జాలి చూపిస్తారని ఆశ.

మా రగ్బీ సమాఖ్యకి విడిగా ఆఫీసు లేదు. ప్రెసిడెంటుగారి పళ్ల ఆసుపత్రే ఆఫీసు. పళ్ల డాక్టరు రగ్బీకి ప్రెసిడెంటు ఎలా అయ్యాడని కొత్తవాళ్లు అడుగుతుంటారు. మా జట్టు చెట్టు పళ్లన్నీ రాలేది ఆయన వాకిట్లోనే మరి! పైగా 'ప్రెసిడెంటు'లోనే డెంటు ఉంది. ఆట గురించి ఆయనకి తెలిసిందల్లా ఎవరి పన్ను ఏ మ్యాచ్‌లో ఊడిందన్నదే.

ఆసుపత్రికి ఆవేళ సెలవు. గదిలో సన్న కుర్చీలు నాలుగు వేశారు. వాటిల్లో బీరువా పట్టడు. అందుకని అతన్ని పళ్లు పీకే కుర్చీలోనే పడుకోబెట్టారు. నెత్తిమీద దీపం, పక్కన పళ్లెంలో పట్టకార్లు. చూడగానే నా ప్రసంగంలో మొదటి పేరా ఎగిరిపోయింది. దువ్వెన కిటికీ అద్దంలో తన మొహం చూసుకుంటూ నిలబడ్డాడు. మిగతా ఆటగాళ్ల వంతు మధ్యాహ్నం నుంచిట.

అప్పుడు గోడకున్న నల్లబల్ల చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది: పర్యటన సమీక్ష.

సమీక్ష! శిక్ష కాదు, సమీక్ష! మిషన్ల మధ్య 'సమీ' నలిగి 'శి' అయిందన్నమాట. నా ప్రాణం లేచొచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. అంటే వీళ్లకేమీ తెలియదు! సంచీని మెల్లగా కాలితో కుర్చీ కిందికి తోశాను. ప్రసంగాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులోకి పంపాను.

"శిక్షన్నారు?" అంది మా ఆవిడ.

"ఏం లేదు, మాట పొరపాటు. ఇది ఉత్త సమీక్ష. నువ్వు డ్యూటీకి వెళ్లిపో."

"ఇంత దూరం వచ్చాక? చూసే పోతా." చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సమీక్ష రాసినవాడు ప్రెసిడెంటుగారి అల్లుడు. రోడ్ల శాఖలో ఉద్యోగం. ఊళ్లో కూడళ్ల దగ్గర గొడుగు కింద కూర్చుని ఏ వాహనాలు ఎన్ని వెళ్లాయో లెక్కపెట్టడం ఆయన పని. ఆయన మాతో రాలేదు. మైదానంలో ఎక్కడో ఆఖరి మెట్టు మీంచి తీసిన వీడియోలు తెప్పించుకుని, ఇంట్లో చూసి, నలభై పేజీలు రాశాడు.

"ముందు నా పద్ధతి చెప్తాను మావయ్యగారూ" అని లేచాడు. "కూడలిలో నేను డ్రైవరు మొహం చూడను. నంబరు ప్లేటు చూస్తాను. మొహాలు రోజుకొకలా ఉంటాయి. ప్లేటు మారదు. ఇక్కడా అంతే. వాన, బురద, ఎవరి మొహం ఎవరిదో వాళ్ల అమ్మ కూడా చెప్పలేదు. వీపుమీద నంబరు కనిపిస్తే నాకు చాలు."

"పన్నుకీ నంబరే అల్లుడూ! నేనూ నంబరు చూసే పీకుతా" అని మురిసిపోయారు ప్రెసిడెంటుగారు.

అల్లుడుగారు పేజీ తిప్పాడు. "ముందు మూడో నంబరు. మొదటి రెండు మ్యాచ్‌ల్లో బ్రహ్మాండం. భారీ వాహనం. ఎదురొచ్చినవన్నీ గుద్దుకుంటూ పోయింది. మూడో మ్యాచ్ నుంచి ఏమైందో ఏమో, లారీ కాస్తా సైకిలైపోయింది. చివరి మూడు మ్యాచ్‌ల్లో మొత్తం నలభై ఒక్క స్క్రమ్ములు. మూడో నంబరు ఎన్నిట్లో దూరిందో చెప్పుకోండి?"

"ముప్పై?"

"సున్న."

ప్రెసిడెంటుగారు కళ్లజోడు తీశారు. "మరి ఎక్కడుంది?"

"పార్కింగులో. అవతల గీత పక్కన. పద్దెనిమిదిసార్లు చెయ్యి పైకి లేచింది. ఇండికేటరేమో అనుకున్నాను. దగ్గరకి లాగి చూస్తే తల దువ్వుకుంటోంది."

ప్రెసిడెంటుగారు లేచి వెళ్లి, దీపాన్ని బీరువా మొహం మీదికి తిప్పారు. బీరువా నెత్తిమీద ఒక్క వెంట్రుక లేదు. పాతికేళ్లకే అంతా రాలిపోయింది. దీపం వెలుగు దానిమీద పడి గదంతా తిరిగింది.

"ఏమయ్యా, లేని జుట్టు ఎందుకు దువ్వావు?"

బీరువా ఆలోచించాడు. నాకేసి ఒక్కసారి చూశాడు. "తెలీదండి" అన్నాడు.

"ఒరే తమ్ముడూ!" మా ఆవిడ గొంతుకి పళ్లెంలో పట్టకార్లు గలగలలాడాయి. "నువ్వు స్క్రమ్ములోకి దూరకపోవడమేంట్రా? బస్సెక్కితే నువ్వున్న వైపుకి ఒరిగిపోతుంది, ఎదుటివాళ్లని తొయ్యలేకపోయావా?"

"ఏం లేదక్కా."

నేను నేలమీద పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఇప్పుడు పదమూడో నంబరు" అన్నాడు అల్లుడుగారు. "మొదటి రెండు మ్యాచ్‌లూ అది కూడా పార్కింగే. మూడో మ్యాచ్ నుంచి విశ్వరూపం! తన చోటు కాదు, ఎవరూ పిలవలేదు. అయినా నలభై ఒక్క స్క్రమ్ముల్లోనూ దూరింది. అదీ ముందు వరసలో! పట్టి పడేసిన మనుషులు యాభై ఏడుగురు. ఇది ఆట కాదు మావయ్యగారూ, త్యాగం."

"అరవై ఎనిమిది కిలోల మనిషే!" ప్రెసిడెంటుగారు దువ్వెనని ఎగాదిగా చూశారు. "ఎక్కణ్ణుంచొచ్చిందయ్యా ఆ బలం?"

"మనసులోంచండి" అన్నాడు దువ్వెన, ముంగురులు సవరించుకుంటూ.

"ఇంత తోపులాటలోనూ చూడు అల్లుడూ, జుట్టు చెదరలేదు. ఎంత క్రమశిక్షణ!"

"స్క్రమశిక్షణ మావయ్యగారూ!"

ఇద్దరూ విరగబడి నవ్వుకున్నారు. ఆ తర్వాత తెరమీద, మామూలుగా పళ్ల ఎక్స్‌రేలు చూసే తెరమీద, మూడో మ్యాచ్ ఆఖరి నిమిషం వేశారు. స్కోరు ఆరు ఆరు. ఎదుటి జట్టువాళ్లు ఇద్దరు, ఒకడి చేతిలో బంతి, ఇంకొకడు వాణ్ణి వెనకనుంచి నెడుతూ మా గీత మీదికొచ్చారు. బురదలోంచి ఒక వీపు లేచింది. దానిమీద పదమూడు. ఇద్దర్నీ కలిపి కౌగిలించుకుని, ఎత్తి, వెనక్కి పడేసింది. ఈల మోగింది. మా దేశం మొట్టమొదటిసారి ఓడకుండా మైదానంలోంచి బయటికొచ్చింది.

నేను ఆ రోజు గీత పక్కనే తువ్వాళ్లు పట్టుకుని నిలబడ్డాను. ఆ వీపు లేచి నా దగ్గరకొచ్చి, నోట్లో మట్టి ఉమ్మి, "బావా, ఈ జెర్సీ కూడా పాడుచేశాను, ఏమనుకోకు" అంది.

"రెండు లారీల్ని ఒక్కడే ఆపాడు!" అని చప్పట్లు కొట్టాడు అల్లుడుగారు. దువ్వెన వినయంగా తల వంచాడు. మళ్లీ దువ్వుకున్నాడు.

ప్రెసిడెంటుగారు కలం తీశారు. "మూడో నంబరుకి మూడింది. బీరువాని జట్టులోంచి తీసేస్తున్నాను. ఈ దువ్వెన మన కెప్టెన్. కొత్త కోచ్‌కి ఇంకో ముక్క కూడా రాస్తున్నాను. ఇకనుంచి ఇతన్ని ప్రతి స్క్రమ్ములోనూ ముందు వరసలోనే పెట్టాలి."

దువ్వెన చేతిలోంచి దువ్వెన జారింది. "ముందు... వరసలోనాండి? చెవులు నలుగుతాయి కదండీ?"

"నలభై ఒక్కసార్లు నలగలేదుగా!"

బీరువా కుర్చీలోంచి మెల్లగా దిగాడు. అది 'హమ్మయ్య' అన్నట్టు కిర్రుమంది. నా దగ్గరకొచ్చి వంగి, చెవిలో, తనకి చెవిలోనని భ్రమ కానీ గదంతా వినబడేట్టు, "బావా, రేపట్నుంచి నేను ఖాళీయే. బకెట్లు మొయ్యడానికి వస్తాలే. నీకు నడుం నొప్పి కదా" అన్నాడు.

ఇరవై రెండేళ్లలో నేను ఎన్నో మరకలు చూశాను. గడ్డి మరక నిమ్మరసానికి పోతుంది. నెత్తుటి మరక చన్నీళ్లకి పోతుంది. ఆ మాట మాత్రం నా ఒంటిమీద పడి అలాగే ఉండిపోయింది.

"ఆగండి!" అని లేచాను. "శిక్ష నాకు వెయ్యండి."

కాలితో తోసిన సంచీని చేత్తో లాగాను. నా ప్రసంగం జేబులోనే ఉండిపోయింది. నోటికొచ్చింది నోటికొచ్చినట్టు చెప్పాను. సూర్యుడి బొమ్మ, గంటన్నర మంట, డేరా, రిఫరీ చీటీ, ప్యాంటు జేబు. అంతా విని ప్రెసిడెంటుగారు మా ఆవిడకేసి చూశారు.

"బావమరిది కోసం బాగానే అల్లావు సబ్బూ. నేను నమ్మను."

"ప్లేట్లు మార్చి బండి నడిపారంటావా?" అల్లుడుగారు పేజీలు గబగబా తిప్పాడు. "అది... అది చాలా పెద్ద నేరం. నలభై పేజీలు!"

"మట్టిని అడగండి" అన్నాను. పదమూడో జెర్సీ విప్పి చూపించాను. "నాలుగుసార్లు ఉతికినా ఈ భుజాల దగ్గర గడ్డి రంగు పోలేదు. మెడ దగ్గర అవతలివాళ్ల గడ్డాలు గీసుకుని నూలు లేచిపోయింది. స్క్రమ్ములో తోసినవాడి జెర్సీయే ఇలా ఉంటుంది. ఇక ఈ మూడో నంబరు. మూడు మ్యాచ్‌ల్లో దీన్ని నేను ఒక్కసారి కూడా ఉతకలేదు."

"ఎందుకు?"

"అవసరం పడలేదండి. వాసన చూడండి."

ప్రెసిడెంటుగారు వాసన చూశారు. "సెంటు!"

అయినా కలం కింద పెట్టలేదు. "వాసనల మీద జట్టుని ఎన్నుకోలేం. ఈ మూడో నంబరు నిజంగా బీరువాకి పట్టదా? ఏదీ, తొడుగు."

"వద్దండి" అన్నాడు బీరువా. అదొక్కటే అతను ఆ పూట ఎదురు చెప్పడం. కానీ ప్రెసిడెంటు ప్రెసిడెంటే. చేతులు పైకెత్తి జెర్సీలోకి దూర్చాడు. తల దూరింది, సగం. మోచేతులు చెవుల దగ్గరే ఇరుక్కుపోయాయి. ఇక అటూ కాదు, ఇటూ కాదు. లోపలినుంచి "బావా, చీకటి" అని వినిపించింది. ఒక అడుగు ముందుకేసి నల్లబల్లని గుద్దాడు. 'పర్యటన సమీక్ష' కిందపడింది. ఇంకో అడుగు వెనక్కేసి అల్లుడుగారిని గోడకి నొక్కేశాడు.

"భారీ వాహనమే!" అన్నాడు అల్లుడుగారు, గోడకీ వీపుకీ మధ్యనుంచి.

"ముందుకి జరగరా! ముందుకి జరుగు!" అని అరిచింది మా ఆవిడ. అలవాటైన కేక కదా, బీరువాతో పాటు అందరం ఒక అడుగు ముందుకి జరిగాం.

ప్రెసిడెంటుగారు అతన్ని మళ్లీ కుర్చీలో కూలేశారు. మోకాలు అతని ఛాతీమీద ఆనించి, జెర్సీ అంచు రెండు చేతులా పట్టుకున్నారు. జ్ఞానదంతాలు పీకిన చేతులవి. అలవాటు కొద్దీ అన్నారు: "నొప్పనిపిస్తే చెయ్యెత్తు."

బీరువా రెండు చేతులూ ఎత్తే ఉన్నాయి.

"అంత నొప్పా? ఇంకా మొదలుపెట్టలేదే!"

మూడు ఊపులు ఊపేసరికి 'టప్' మని వచ్చింది. జెర్సీతో సహా ప్రెసిడెంటుగారు వెళ్లి దువ్వెన మీద పడ్డారు. పైకి లేచి, చేతిలోని ఆ చిన్న ముద్దనీ బీరువా ఛాతీనీ మార్చి మార్చి చూశారు. తర్వాత దువ్వెన భుజానికి దాన్ని ఆనించి చూశారు. సరిగ్గా సరిపోయింది.

"నేనే చెబుదామనుకుంటున్నానండి" అన్నాడు దువ్వెన. "కెప్టెన్ అన్నాక బాగుండదు కదా అని ఆగాను. ముందు వరస అన్నాక మాత్రం గ్యారంటీగా చెప్పేవాణ్ణి."

ప్రెసిడెంటుగారు కుర్చీ అంచుమీద కూర్చుని, కళ్లజోడు తుడుచుకున్నారు. "నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో" అన్నారు మెల్లగా, "చీటీమీద నంబరు చూసి ఒకాయన పన్ను పీకేశాను. మొహం చూడలేదు. ఆ చీటీ ఆయనది కాదు. ఆయన తన భార్యకి తోడొచ్చాడు."

అల్లుడుగారు నలభై పేజీలూ దగ్గరికి తీసుకున్నాడు. పై పేజీమీద పెన్ను పెట్టి ఒక్క గీత గీశాడు. "మూడో మ్యాచ్ నుంచి ఇక్కడున్నవన్నీ అక్కడికి, అక్కడున్నవన్నీ ఇక్కడికి. అయితే పర్యటనలో ఉత్తమ ఆటగాడు..." మోచెయ్యి రుద్దుకుంటూ బీరువాకేసి చూశాడు. "అవును. ఇప్పుడు స్వయంగా అనుభవమైంది."

జాబితాలో బీరువా పేరు పైకెక్కింది. దువ్వెన పేరు అడుక్కి దిగింది కానీ పోలేదు. వీడియో మళ్లీ చూస్తే నాలుగో మ్యాచ్‌లో ఒకసారి, చేతిలోని దువ్వెన కిందపడితే తీసుకోబోయి, పొరపాటున బంతి పట్టుకున్నాడని తేలింది.

"ఇక నీ సంగతి సబ్బూ" అన్నారు ప్రెసిడెంటుగారు. "ఒక జెర్సీ, ముప్పై నిక్కర్లు. కరిగించెయ్యమంటావా?"

"బావా" అన్నాడు బీరువా, చెవులు రుద్దుకుంటూ. "ఇంక చెప్పొచ్చా?"

"అన్నీ చెప్పేశాం కదరా."

"ఇది వేరేదిలే. పోయినేడాది నిక్కర్లు గులాబీరంగు ఎక్కింది నీవల్ల కాదు. నా కొత్త ఎర్ర తువ్వాలు కూడా అందులో పడేశాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

ఏడాదిపాటు ఆ నిక్కర్ల నింద మోసినవాణ్ణి నేను. దాన్ని వాడు ఎంత ప్రేమగా దాచాడో చూడండి! మా ఆవిడ తమ్ముణ్ణి కొట్టడానికి చేతిసంచీ ఎత్తి, నవ్వొచ్చి దింపేసింది.

"సరే, నిక్కర్ల కేసు కొట్టేశాం" అన్నారు ప్రెసిడెంటుగారు. "జెర్సీకి మాత్రం శిక్ష ఉంది. ఇకమీదట ఏ దేశం వెళ్లినా బీరువా జెర్సీ నువ్వు చేత్తో ఉతకాలి. చన్నీళ్లలో. వేడినీళ్లు నీ స్నానానికే."

ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోవడానికి అందులో ఏముంది?

"అది సరే కానీ" అల్లుడుగారు నుదురు చిట్లించాడు, "తప్పు దాచాలనుకున్నవాడివి, ఆ జెర్సీలు సంచీలో పెట్టుకుని ఎందుకొచ్చావు?"

"ప్రెసిడెంటుగారు నిన్న ఫోనులో శిక్ష అన్నారు కదండీ. దొరికిపోయాననుకున్నాను."

"శిక్ష అని ఎప్పుడన్నాను? సమీక్ష అన్నాను!"

"మీ మిషను, మా మిషను కలిసి 'సమీ'ని మింగేశాయండి."

"అందుకా మీరు రాత్రి అన్నం సగంలో వదిలేసింది!" అంది మా ఆవిడ.

"అందుకా బావా వచ్చీ రాగానే నాకు దణ్ణం పెట్టావు!" అన్నాడు బీరువా.

ఒకళ్లకొకళ్లం మళ్లీ మొదటినుంచి చెప్పుకుని నవ్వుతున్నాం. ప్రెసిడెంటుగారు మాత్రం నవ్వలేదు. ఆయన కళ్లు మెల్లగా ఖాళీ కుర్చీ వైపు తిరిగాయి.

"అయితే నిన్న ఆ కుర్చీలో ఉన్నాయన..." అన్నారు. "నేను నీతో ఫోనులో మాట్లాడి, 'ముందు మీ బీరువాతో మొదలు, నోరు బాగా తెరవండి' అన్నానో లేదో, లేచి మెడలో తువ్వాలుతో సహా వీధిలోకి పరుగెత్తాడు. ఎందుకో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు. ఆయనక్కూడా శిక్ష అనే వినపడిందన్నమాట!"

ఫోను తీసి, సగం తొలిచిన పన్నుతో తిరుగుతున్న ఆ పెద్దమనిషికి, మిషన్లన్నీ ఆగి ఉన్నాయని చూసుకుని, ఒక్కొక్క అక్షరమే విడగొట్టి చెప్పారు: "స... మీ... క్ష."